హైదరాబాదా, ఊరా, అమలాపురమా: తేల్చుకోవడానికి మాకు పట్టిన మూడేళ్ళు

2023 జూన్ 8న అమలాపురంలో అద్దె ఇంట్లో పాలు పొంగించాం. 2020 మార్చిలో హైదరాబాద్ నిజాంపేటలో ఫ్లాట్ తలుపు వేసుకుని కూర్చున్న రోజు నుంచి లెక్కేస్తే మూడేళ్ళ రెండున్నర నెలలు. ఈ మధ్యలో సిటీలో ఉన్నాం, అత్తగారి ఊళ్ళో ఉన్నాం, మళ్ళీ సిటీకి వెళ్ళబోయి ఆగాం. మా ఆఫీసులో ఇంకా ఇద్దరు ముగ్గురు ఇదే ఆలోచనలో ఉన్నారు. ఫోన్లో అడిగితే సగమే చెప్పగలుగుతున్నాను. అందుకే వరసగా రాస్తున్నాను.

నేను సాఫ్ట్‌వేర్‌లో టెస్టింగ్ పని చేస్తాను. మా ఆయన ఒక ట్రావెల్స్ కంపెనీలో అకౌంట్స్ చూసేవారు. పాపకి అప్పటికి ఐదేళ్ళు నిండి రెండు నెలలు. మూడో అంతస్తులో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్, అద్దె 16,000, మెయింటెనెన్స్ 2,200. మార్చి 22 జనతా కర్ఫ్యూ సాయంత్రం బాల్కనీలో నిలబడి సంబరంగా పళ్ళెం కొట్టిన పిల్ల, ఏప్రిల్ నెలాఖరుకి బాల్కనీలోకి రమ్మంటే ఏడ్చేది. "కింద ఎవరూ లేరు, నాకు భయం" అనేది. లాక్‌డౌన్ మొదటి వారంలోనే హాస్టళ్ళు ఖాళీ చేసిన పిల్లలు ఊళ్ళకి బయల్దేరి ఆంధ్ర సరిహద్దులోని గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆగిపోవడం టీవీలో చూశాం. పాపతో ఆ రోడ్డు మీద ఇరుక్కుంటే ఎలా అని కదల్లేదు.

మా ఆయనకి ఏప్రిల్ జీతం సగం వచ్చింది. మే జీతం రాలేదు. జూన్ మొదట్లో ఇక రావద్దన్నారు. బస్సులే తిరగనప్పుడు ట్రావెల్స్ వాళ్ళు మాత్రం ఏం చేస్తారు, తప్పు పట్టలేం. కానీ ఆ రాత్రి ఆయన వంటింట్లో లైటు వెయ్యకుండా చాలాసేపు నిలబడ్డారు. ఏమండీ అంటే మంచినీళ్ళకొచ్చాను అన్నారు.

ఆంధ్రలోకి రావడానికి ఆన్‌లైన్‌లో పాస్‌కి పెట్టాం. మొదటిసారి రిజెక్ట్ అయింది. రెండోసారి మావయ్య గారి ఆధార్ కూడా జత చేస్తే ఆరో రోజు వచ్చింది. జూన్ 14 ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికి కారులో బయల్దేరాం. గరికపాడు దగ్గర మూడు గంటలు. పాపకి కూడా ముక్కులో పుల్ల పెట్టి శాంపిల్ తీశారు. దాని కేకలు ఇంకా చెవుల్లో ఉన్నాయి. దారిలో హోటలు లేదు, బాత్రూమ్‌కి వెళ్ళే చోటు లేదు. రాత్రి ఎనిమిదింటికి ఊరు చేరాం. అత్తయ్య గారు వీధి గుమ్మంలో దీపం పెట్టుకుని నిలబడ్డారు గానీ దగ్గరికి రాలేదు. పెరట్లో పాత పెంకుటింట్లో 14 రోజులు ఉన్నాం. రోజూ అన్నం కేరేజీ గుమ్మం ముందు పెట్టి ఆవిడ వెనక్కి జరిగేవారు. పాప "నాన్నమ్మా" అని పరుగెత్తబోతే పట్టుకుని ఆపడం నా పని.

మాది కోనసీమలో లంక ఊరు. అమలాపురానికి 22 కిలోమీటర్లు. ఊళ్ళోంచి ఏటిగట్టు మీదికి వెళ్ళాలంటే వరదొస్తే మునిగిపోయే కాజ్‌వే దాటాలి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తరువాత వస్తుంది.

రెండు నెలల్లో తిరిగి వెళ్ళిపోతామనుకుని ఫ్లాట్ ఖాళీ చెయ్యలేదు. మేం చేసిన మొదటి తప్పు అదే. జూలై నుంచి నవంబర్ దాకా తాళం వేసిన ఇంటికి 80,000 అద్దె కట్టాం, అదీ ఒక్క జీతంతో. చివరికి మా ఆయన వెళ్ళి సామాను తెచ్చారు. లారీకి 18,000. అడ్వాన్సులో ఒక నెల అద్దె పెయింటింగ్ కింద పోయింది.

ఊళ్ళో మొదటి ఏడాది నిజంగా బాగుంది. పాప బోదెల్లో కాగితప్పడవలు వదిలేది, దూడకి పేరు పెట్టింది, రాత్రి పిలిచి నిద్ర లేపినా లేవనంత అలసటగా పడుకునేది. అద్దె లేదు, పాలు ఇంట్లోవే, కూరగాయలు పెరట్లోవి. కానీ డబ్బు మేం అనుకున్నంత మిగల్లేదు. ఇన్వర్టర్, బ్యాటరీ కలిపి 24,500. మా గదికి ఏసీ 36,000. పెళ్ళిళ్ళు మళ్ళీ మొదలయ్యాక చదివింపులకే నెలకి రెండు మూడు వేలు పోయేవి. సిటీలో ఉన్నప్పుడు ఫోన్ చేసి శుభాకాంక్షలు చెబితే సరిపోయేది. ఊళ్ళో ఉన్నవాళ్ళం వెళ్ళకుండా ఎలా ఉంటాం!

నా పనికి అసలు ఇబ్బంది మనుషులతో వచ్చింది. ప్రేమతోనే వచ్చేవాళ్ళు. కుర్చీలో కూర్చుని ఉన్నానంటే ఖాళీగా ఉన్నానని అర్థం. మీటింగ్ మధ్యలో పక్కింటి పిన్ని గారు గదిలోకి వచ్చి మంచం మీద కూర్చుని మునక్కాయలు ఇచ్చి, నేను ఇంగ్లీషులో మాట్లాడుతుంటే నవ్వుతూ వినేవారు. పది రోజులు చూసి అత్తయ్య గారే ఒక ఉపాయం చేశారు. నాకు మీటింగ్ ఉన్నప్పుడు మా గది గడియకి ఎర్ర తువ్వాలు కట్టేవారు. "తువ్వాలుందంటే అమ్మాయి ఆఫీసులో ఉన్నట్టే" అని వీధంతా చెప్పారు. ఎనిమిదో తరగతితో చదువు ఆపేసిన మనిషి నా ఉద్యోగాన్ని ఆఫీసని ఒప్పుకుని, పదిమంది చేత ఒప్పించారు. ఆ తువ్వాలు ఇప్పుడు అమలాపురంలో నా దగ్గరే ఉంది. అమెరికా వాళ్ళతో కాల్స్ రాత్రి పదిన్నర దాకా ఉండేవి. ఊరు ఎనిమిదిన్నరకే పడుకుంటుంది. ఆ గంటల్లో నా గొంతు నాకే పెద్దగా వినిపించేది.

2021 మే 3న అత్తయ్య గారికి జ్వరం మొదలైంది. 5న పీహెచ్‌సీలో శాంపిల్ ఇచ్చాం. 9న పాజిటివ్ అని మెసేజ్ వచ్చింది. అప్పటికే ఇంట్లో అందరం పడ్డాం. అంతకుముందు 700కి దొరికిన ఆక్సీమీటర్ ఆ వారం 2,800. అత్తయ్య గారి ఆక్సిజన్ 91కి దిగిన రెండు రాత్రులు ఆవిడని బోర్లా పడుకోబెట్టి, నేనూ మా ఆయనా గంటకొకరం లేచి వేలికి పెట్టి చూశాం. ఏఎన్ఎం రోజూ వచ్చింది, మందుల కిట్ ఇచ్చింది. వీధిలో వాళ్ళు వంతులు వేసుకుని 16 రోజులు కేరేజీలు అరుగు మీద పెట్టి వెళ్ళారు. నిజాంపేటలో ఐదేళ్ళున్నా ఎదురు ఫ్లాట్ వాళ్ళ పేరు నాకు తెలియదు. మునక్కాయల పిన్ని గారు ఆ నెల 22న అమలాపురం ఆసుపత్రిలో పోయారు. చివరి చూపు కూడా లేదు.

ఆ తరువాత ఊళ్ళోనే ఉండిపోదామని ఇద్దరం గట్టిగా అనుకున్నాం. ఆగస్టు 16న బళ్ళు తెరిస్తే పాపని ఊళ్ళో మండల పరిషత్ స్కూల్లో రెండో తరగతిలో వేశాం. టీచరు గారు మంచావిడ, అక్షరాలు దిద్దించి చదవడం నేర్పారు. కానీ మరుసటేడు మూడు, నాలుగు, ఐదు తరగతులు హైస్కూలులో కలిపేశారు. ఏడేళ్ళ పిల్ల పెద్ద పిల్లల మధ్యకి, రోడ్డు దాటి వెళ్ళాలి. నేను దిగబెట్టాలి, నేను తేవాలి. రెండు సార్లూ సరిగ్గా మీటింగ్ టైమే.

2022 మే 24 మంగళవారం అమలాపురంలో గొడవలు జరిగాయి. ఆ సాయంత్రం నుంచి మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. కొబ్బరి మట్ట పడి మా వైరు నెట్ అంతకు నాలుగు రోజుల ముందే తెగింది, బాగుచేసే మనిషి రాలేదు. నాకు రిలీజ్ వారం. మా ఆయన బండి మీద నన్ను యానాం వైపు తీసుకెళ్ళేవారు. సిగ్నల్ అందిన చోట గోదావరి ఒడ్డున చెట్టు కింద ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చునేదాన్ని. చుట్టూ నాలాంటి వాళ్ళే, కంపెనీ ట్యాగులు మెళ్ళో ఉన్న పిల్లలు. మే ఎండ, స్క్రీన్ కనిపించేది కాదు. చార్జింగ్ అయిపోతే ఇంటికి తిరుగు ప్రయాణం. ఆరు రోజులు అలా చేసి, మిగతా వారం సెలవు పెట్టాను. జీతం కోత పడింది. "అక్కడి పరిస్థితి నాకు అర్థమైంది, క్లయింట్‌కి ఎలా చెప్పను?" అని మేనేజర్ అన్న మాట నన్ను చాలా రోజులు తినేసింది.

ఇది ఇబ్బంది మాత్రమే. నిర్ణయం మార్చింది జూలై.

జూలై 16 శనివారం. భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కుల పైగా వదులుతున్నారు. 2006 తరువాత ఇంత నీరు చూడలేదన్నారు మావయ్య గారు. మా ఇల్లు మెరక మీద ఉంది, లోపలికి నీళ్ళు రాలేదు. కాజ్‌వే మాత్రం మూడు రోజులుగా మునిగే ఉంది. కరెంటు లేదు. ఇన్వర్టర్ కూడా అయిపోయింది.

రాత్రి ఒంటిగంటన్నరకి అత్తయ్య గారు తలుపు కొట్టారు. "అమ్మాయ్, మీ మావయ్య గారికి గుండెల్లో పట్టేసిందంట. చెమటలు పోసేస్తన్నాయి." ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టరు గారు పరుగున వచ్చారు. నాలుక కింద మాత్ర పెట్టారు, ఆస్పిరిన్ మింగించారు. "ఇది నా చేతిలో పని కాదండి, పెద్దాసుపత్రికి తీసుకెళ్ళిపోవాలి" అన్నారు. 108కి ఫోన్ చేస్తే బండి అవతల గట్టు మీదికి వస్తుందన్నారు. గట్టు దాకా పడవలో వెళ్ళాలి. పడవ నడిపే ఆయన మా ఆయనతో కలిసి వెళ్ళి టార్చి వేసి నీళ్ళకేసి చూశాడు. "చీకట్లో వద్దండి. మానులు కొట్టుకొస్తన్నాయి. ఒక్కటి తగిలిందంటే అందరం పోతాం. తెల్లారనీండి" అన్నాడు. ఆయన చెప్పింది నిజమని మాకూ తెలుసు.

తెల్లారడానికి మూడుంబావు గంటలు. వరండాలో మడత మంచం మీద మావయ్య గారు, పక్కన ముక్కాలిపీట మీద నేను. ఆయన మణికట్టు పట్టుకుని కూర్చున్నాను. నాడి చూడటం నాకేం తెలుసు, కొట్టుకుంటోందా లేదా అంతే. ఫోన్లో 11 శాతం చార్జింగ్. టైము చూస్తే చార్జింగ్ పోతుందేమోనని చూడకుండా ఉండటానికి ప్రయత్నించాను. ఎక్కడో గేదె అరిచింది. ఆయన కళ్ళు తెరిచి "దూడని మెరక మీద కట్టారా?" అని అడిగారు. కట్టాం అన్నాను. కట్టామో లేదో నాకు తెలియదు.

ఐదుంబావుకి పడవ కదిలింది. మంచం పట్టలేదు, చాప మీద పడుకోబెట్టాం. చినుకులకి నేను గొడుగు పట్టాను. అరటి తోటలున్న చోట ఆకుల కొసలు మాత్రం నీళ్ళ పైన కనిపిస్తున్నాయి. వాటి మీదుగా పడవ వెళ్తుంటే అడుగున రాసుకుంటున్న చప్పుడు. 108 గట్టు మీదే ఉంది. ఆసుపత్రికి చేరేసరికి ఆరూ నలభై. నొప్పి మొదలై ఐదు గంటలు దాటింది. రాజమండ్రి పంపారు, స్టెంట్ వేశారు. ఆరోగ్యశ్రీ వర్తించింది. పై ఖర్చులు మాకు 38,000 అయ్యాయి. బతికారు. గుండె కొంత దెబ్బతిందని, ముందే వచ్చి ఉంటే బాగుండేదని డాక్టరు గారు నెమ్మదిగా చెప్పారు. మా ఆయన గోడకేసి తిరిగి ఏడ్చారు.

ఇంటికొచ్చాక పాప వాడని లాంగ్ నోట్‌బుక్ ఒకటి తీసి నిమిషాలు రాయడం మొదలుపెట్టాను. అర్ధరాత్రి డాక్టరు దగ్గరికి ఎన్ని నిమిషాలు, పాప స్కూలుకి ఎన్ని, కరెంటు పోతే నెట్ ఎన్ని నిమిషాలు ఆగుతుంది, మావయ్య గారు ఒంటరిగా అనుకోకుండా మాట్లాడటానికి ఒక మనిషి ఎన్ని నిమిషాల దూరంలో ఉంటాడు. ఎవరైనా నన్ను సలహా అడిగితే ముందు ఇదే రాయమంటాను. గాలి, ప్రశాంతత, అభివృద్ధి అని మాట్లాడుకున్నంతకాలం మాకు గొడవలే అయ్యాయి. ఆయన ఊరంటారు, నేను సిటీ అంటాను. నిమిషాలు రాశాక పోట్లాట తగ్గింది.

2023 జనవరి 9న మెయిల్ వచ్చింది. ఫిబ్రవరి నుంచి వారానికి మూడు రోజులు ఆఫీసుకి రావాలి. అమలాపురానికి రైలు లేదు. కోటిపల్లి – నరసాపురం లైను కోసం గోదావరిలో స్తంభాలు ఏళ్ళ తరబడి లేస్తూనే ఉన్నాయి. రాజమండ్రి వెళ్ళి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి లింగంపల్లిలో దిగేదాన్ని. థర్డ్ ఏసీ వెయ్యి లోపే, కానీ వెయిటింగ్ లిస్టు ఉంటే అమలాపురం నుంచి స్లీపర్ బస్సుకి 1,800. కేపీహెచ్‌బీలో లేడీస్ హాస్టల్ రోజు లెక్కన 450. ఇలా రోజు లెక్కన ఇస్తారని నాకు తెలియదు, అడిగితే చాలాచోట్ల ఇస్తున్నారు. రెండు నెలలు అలా తిరిగాను. వీడియో కాల్‌లో పాప ఏడవడం మానేసింది. మార్చికి నాతో మాట్లాడటం కూడా తగ్గించింది. దాంతో భయం వేసింది.

ఏప్రిల్‌లో అందరం హైదరాబాద్ వచ్చేద్దామని ఇళ్ళు చూశాం. నిజాంపేటలో మా పాత అపార్ట్‌మెంట్‌లోనే ఫ్లాట్ ఖాళీగా ఉంది. 16,000 ఉన్నది 25,000 చెప్పారు, మూడు నెలల అడ్వాన్స్. పాప స్కూలుకి ఏడాదికి 1,20,000, బస్సు వేరు. నా చేతికొచ్చేది 78,000. కాగితం మీద లెక్క వేస్తే నెలకి పదివేలు కూడా మిగలడం లేదు. మావయ్య గారు రానన్నారు. "మూడో అంతస్తులో పెట్టి తలుపేస్తే నాకు గుండె నొప్పి ఎందుకమ్మా, ఊరికే పోతాను" అన్నారు. ఆయన్ని ఊళ్ళో వదిలి వెళ్ళే ధైర్యం మాకు లేదు.

అమలాపురం మాట ఎత్తింది మా ఆయన. అప్పటికి ఆరు నెలలుగా అంబాజీపేట కొబ్బరి వ్యాపారులకీ, అమలాపురంలో కొన్ని షాపులకీ జీఎస్టీ రిటర్నులు వేస్తున్నారు. 14 షాపులు, నెలకి 18,000 దాకా వస్తోంది. నాకు మొదట నచ్చలేదు. ఏలూరులో పెరిగి, ఇంజనీరింగ్ చదివి, హైదరాబాద్ వెళ్ళి, మళ్ళీ అంతకన్నా చిన్న టౌనుకి రావడం వెనకడుగులా అనిపించింది. మా అమ్మ కూడా అదే అంది. నోట్‌బుక్ చూసుకుంటే మాత్రం ఎక్కువ గడుల్లో అమలాపురానివే చిన్న అంకెలు.

మేనేజర్‌ని అడిగాను. నెలలో ఒక వారం పూర్తిగా ఆఫీసులో ఉంటాను, మిగతా మూడు వారాలు ఇంటి నుంచి చేస్తాను అని. భయపడుతూ అడిగాను. 23 రోజులు జవాబు లేదు. ఆ 23 రోజులు నిద్ర సరిగ్గా పట్టలేదు. మే మధ్యలో అక్టోబర్ దాకా ఒప్పుకుంటూ మెయిల్ వచ్చింది. అడగకుండా రాజీనామా చేద్దామనుకున్నదాన్ని, అడిగి మంచి పని చేశాను.

ఇల్లు దొరకడానికి 11 రోజులు, తొమ్మిది ఇళ్ళు. బ్రోకర్‌కి సగం నెల అద్దె. దాదాపు ప్రతి గుమ్మంలోనూ పేరు కన్నా ముందు "మీరేవిట్లండి?" అని కులం అడిగారు. సిటీలో ఇంత సూటిగా అడగరు. రెండు చోట్ల ఆ ప్రశ్న దగ్గరే వెనక్కి వచ్చేశాం, ఇప్పటికీ బాధగానే ఉంది. వెళ్ళిన ప్రతి ఇంట్లో నేను ప్రతి గదిలో నిలబడి ఫోన్లో నెట్ స్పీడ్ చూశాను, వీధిలో ఎన్ని కంపెనీల ఫైబర్ ఉందో పక్కవాళ్ళని అడిగాను. చివరికి కింద పోర్షన్, మూడు గదులు, 11,000, రెండు నెలల అడ్వాన్స్. జూన్ 19 నుంచి ఆషాఢం, తరువాత అధిక శ్రావణం. ఈలోపే చేరిపోవాలని అత్తయ్య గారు పట్టుబట్టారు. ఓనరు గారిదీ అదే మాట. 12న స్కూళ్ళు తెరిచారు. పాప ఫీజు ఏడాదికి 34,000, ఆటో నెలకి 900.

రెండు నెలలైంది. బాగా లేనివి కూడా చెప్పాలి. దోమలు విపరీతం, వానొస్తే మా వీధి కాలువ పొంగుతుంది. కూరగాయలు హైదరాబాద్ కన్నా చౌక అనుకుని వచ్చాను, కొన్ని వారాలు అక్కడికన్నా ఎక్కువే ఉన్నాయి. ఇరుగుపొరుగు ఇంకా కలవలేదు. ఊళ్ళోలా కేరేజీ పట్టుకొచ్చేవారు లేరు. సిటీలోలా ఎవరూ పట్టించుకోకుండానూ ఉండరు, ఏడింటికి ఇంటికొస్తే ఎక్కడి నుంచి అని అడుగుతారు. పిల్లల డాక్టరు ఆరు నిమిషాలు. గుండె డాక్టరు తొమ్మిది నిమిషాలు, ఆటోలో వెళ్ళి నేనే చూసుకొచ్చాను.

మూడో గది మావయ్య గారి కోసం. ఏడాదంతా రానన్నారు. వరద నెలలు మాత్రం వచ్చి ఉండాలని బతిమాలితే ఒప్పుకున్నారు. జూలై 20న ఇద్దర్నీ తీసుకొచ్చాం. నెలాఖరున ధవళేశ్వరం దగ్గర రెండో హెచ్చరిక ఇచ్చారు, కాజ్‌వే మునిగింది. ఆ రాత్రి ఒంటిగంటన్నరకి నాకు మెలకువ వచ్చింది. లేచి వెళ్ళి ఆయన గది తలుపు సందులోంచి చూశాను. ఫ్యాను కింద ఆయన దుప్పటి పైకీ కిందకీ కదులుతోంది. కాసేపు అక్కడే నిలబడ్డాను.

ఇప్పుడు పొద్దున్నే సంచీ సర్దుకుని వరండాలో కూర్చుంటున్నారు. పాలేరు గేదెలకి సరిగ్గా గడ్డి వేస్తున్నాడో లేదోనని బెంగ. ఏడు కాగానే పడవ నడిపే ఆయనకి ఫోన్ చేస్తారు. ఇది రాస్తుంటే కిటికీ అవతల అదే మాట వినిపిస్తోంది. "ఏరా, వరద తీసిందా?"